పదకొండు గంటల పండుగ విస్తరి



ముందుగా ఒక్క ప్రశ్న. ఉగాది నాడు మీ ఇంట్లో విస్తట్లోకి అన్నం ఎన్నింటికి వస్తుంది? నిజమే చెప్పండి, ఎలాగూ నాకు వినబడదు. మా ఇంట్లో చాలా ఏళ్లపాటు ఒంటిగంటన్నర, ఒక్కోసారి రెండు. తెల్లవారుజామునే తలంటి పోసుకున్న పిల్లలు ఎనిమిదింటికి చెంచాడు పచ్చడి నాకి, అక్కణ్ణుంచి వంటింటి గుమ్మం దగ్గర పిల్లుల్లా తిరిగేవాళ్లు. పదిన్నరకి ఎవరో ఒకరు బిస్కెట్ పొట్లం విప్పేవాళ్లు. రెండింటికి నేను చెమటలు కక్కుకుంటూ వేడి బొబ్బట్టు వడ్డిస్తే, "సగం చాలమ్మా" అనేవాళ్లు. నాకేమో అప్పటికి ఆకలి చచ్చిపోయి, తలనొప్పి మొదలయ్యేది.

ఇంగ్లీషు వాళ్లు పొద్దుటి ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ ఒకటి చేసి బ్రంచ్ అని పేరు పెట్టుకున్నారు. 1895లో గై బెరింజర్ అనే ఆయన, ఆదివారం పూట అలా తింటే ఎంత హాయిగా ఉంటుందో చూడండంటూ ఒక పత్రికలో వ్యాసమే రాశాడు. మాట వాళ్లదే గానీ, ఆ వేళకి తినడం మనకేం కొత్త కాదు. మా తాతగారు తాలూకా కచేరీలో గుమాస్తా. తొమ్మిదిన్నరకల్లా పప్పు, కూర, చారు, మజ్జిగతో నిండు భోజనం చేసి గొడుగు పట్టుకుని వెళ్లిపోయేవారు. టిఫినన్నది సాయంత్రం ఇంటికొచ్చాక. పొద్దున్నే ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం అన్న వరస ఆ ఇంట్లోకి తర్వాతెప్పుడో వచ్చింది. అందుకని ఉగాది భోజనాన్ని పదకొండింటికి జరిపితే ఏదో విడ్డూరం చేస్తున్నామని అనుకోనక్కర్లేదు. తాతగారి కంటే గంటన్నర ఆలస్యమే.

పదకొండింటికి ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చోవాలంటే విస్తరి కాస్త తగ్గించుకోవాలి. అయిదు రకాలు చాలు. ఉగాది పచ్చడి, మామిడికాయ పులిహోర, వడపప్పు, బొబ్బట్లు, ఆ బొబ్బట్ల పప్పు వార్చిన నీళ్లతో చారు. అంతే. పెరుగు ఎలాగూ ఉంటుంది. తింటే గారెలే తినాలి అన్న జాతిలో పుట్టి, గారెలు మానెయ్యమని రేడియోలో చెప్పడానికి గుండె ధైర్యం ఉండాలి. ఆ సామెతలో రెండో సగం వినడం గురించే కదా, కాబట్టి ముందు వినండి. గారెలకు రుబ్బిన పిండి ఎదురుచూడదు, నిలవుంటే జారైపోతుంది. మూకుడు నిండా నూనె కాగుతూ ఉంటే పిల్లల్ని వంటింట్లోకి రానివ్వలేం. వేయించే మనిషి ఒకరు చివరిదాకా పొయ్యి దగ్గరే నిలబడాలి. ఆ మనిషి ఎవరో మనందరికీ తెలుసు. గారెలు మర్నాడు వేసుకోండి, ఎవరూ వద్దనరు.

ఇక పచ్చడి. మాది తెనాలి వైపు, మెట్టింది వరంగల్లులో. మా పుట్టింట్లో పచ్చడంటే చెంచాతో అరచేతిలో పెట్టేంత చిక్కగా ఉంటుంది. పెళ్లయిన మొదటి ఉగాదికి మా అత్తగారు గ్లాసు చేతికిచ్చి "తాగు బిడ్డా" అన్నారు. నేను మంచినీళ్లనుకున్నాను! కొత్త కుండకి మామిడాకులు కట్టి, అందులో పల్చగా చింతపండు రసం, బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు, పైన పుట్నాలు, కొబ్బరి ముక్కలు. ఎండన పడి వచ్చిన వాళ్లకి అది ప్రాణం లేచొచ్చే పానీయం. ఇప్పుడు మా ఇంట్లో పల్చగానే చేస్తాను. తెనాలి నుంచి మా అన్నయ్య వచ్చినప్పుడు మాత్రం ఒక గిన్నెలో నీళ్లు తగ్గించి చిక్కగా తీసి ఉంచుతాను. పుట్టింటి పరువు కదా.

కలం కాగితం దగ్గర పెట్టుకోండి. ఆరుగురికి చెబుతున్నాను. నిమ్మకాయంత కొత్త చింతపండు, రెండు గ్లాసుల నీళ్లు. పల్చగా కావాలనుకునేవాళ్లు నాలుగు గ్లాసులు పోసుకోండి. బెల్లం తురుము చిక్కటి పచ్చడికైతే నూరు గ్రాములు, పల్చటిదానికి ఇంకో యాభై. చిన్న మామిడికాయ ఒకటి, తొక్కతో సహా సన్నగా తరగాలి. తొక్క తీసేయకండి, వగరంతా అందులోనే ఉంది. చిటికెడు ఉప్పు వేసి, రుచి చూసి ఇంకో చిటికెడు. కారానికి మా అమ్మ పచ్చిమిరపకాయ వేసేది, పిల్లలున్న ఇంట్లో మిరియాల పొడి నయం, పావు చెంచా చాలు. ఇక వేపపువ్వు ఒక పెద్ద చెంచాడు. ఇది మాత్రం ఆఖరున, గ్లాసుల్లోకి పోసే ముందు వేయండి. ముందే వేసి గంటసేపు ఉంచితే చేదు దిగిపోయి పచ్చడంతా ఒకటే రుచి అయి కూర్చుంటుంది. ఆరు రుచులూ ఒక్కొక్కటిగా నాలిక్కి తగలాలంటే ఆ పువ్వు తేలుతూ ఉండాలి గానీ నానిపోకూడదు.

వేపపువ్వు దులపడం పిల్లల పని. రెమ్మల్ని పాత పంచె మీద పరిచి అరచేతులతో మెల్లగా నలిపితే పువ్వు రాలుతుంది, కాడలు చేతిలో మిగులుతాయి. తర్వాత చేటలో పోసి ఊదడం. ఊదుడుకి సగం పువ్వు పక్కింటి గోడ ఎక్కుతుంది, ఎక్కనివ్వండి. ఊళ్లో చెట్టు ఉంటే రోడ్డువైపు కొమ్మలు కాకుండా లోపలివి కోయండి, దుమ్ము తక్కువ. పట్నంలో ఉన్నవాళ్లకి ముందురోజు సాయంత్రం బజార్లో మామిడాకులతో పాటే వేపపూత కట్టలు దొరుకుతాయి.

ఇప్పుడు పులిహోర. పండుగ వంటల్లో ఇంతకంటే బుద్ధిమంతురాలు లేదు. ముందే చేసి పెట్టినా అలగదు, చల్లారినా రుచి తగ్గదు, గంటసేపు మూతేసి ఉంచితే ఇంకా బాగుంటుంది. అందుకే పొద్దున మొదట పొయ్యి ఎక్కాల్సింది అన్నమే. అర కిలో బియ్యం పొడిపొడిగా వండండి. అందులో మూడు వంతులు పులిహోరకి, నాలుగో వంతు చారులోకీ పెరుగులోకీ పక్కన పెట్టండి. పులిహోర అన్నాన్ని వెడల్పాటి బేసిన్‌లోకి ఆరబోసి, వేడిగా ఉన్నప్పుడే అర చెంచా పసుపు, రెండు చెంచాల నూనె, నాలుగు పచ్చి కరివేపాకు రెబ్బలు వేసి వదిలేయండి. ఆ వేడికి కరివేపాకు వాసన అన్నానికి పడుతుంది. కలపడం అప్పుడే వద్దు. వేడన్నం కలిపితే మెతుకు విరిగి ముద్దవుతుంది.

మామిడికాయ ఎంత వేయాలి అని అందరూ అడుగుతారు. కాయని అడగండి. కలెక్టరు కాయ అయితే పులుపు తక్కువ, రెండు పట్టొచ్చు. నాటుకాయ అయితే ఒకటే ఎక్కువ. తురిమాక కాస్త నోట్లో వేసుకోండి. కళ్లు మూతపడితే ఒక కప్పు చాలు, మూతపడకపోతే కప్పున్నర. ఉప్పు అన్నంలో కాకుండా ఈ తురుములో కలపండి, చెంచాన్నర. తురుము నీరొదిలి ఉప్పు కరుగుతుంది, అన్నంలోకి సమంగా పాకుతుంది. చాలా పులిహోరల్లో ఒక ముద్ద చప్పగా, ఇంకో ముద్ద ఉప్పగా తగలడానికి కారణం అన్నం మీద ఉప్పు చల్లడమే.

పోపుకి నాలుగు చెంచాల నూనె. ముందు వేరుశెనగ గుళ్లు వేయించి తీసి పక్కన పెట్టుకోండి, చివర్లో కలిపితే కరకరలాడతాయి. తర్వాత అదే నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి, ఇంగువ. మిరపకాయల్ని తుంచకుండా నిలువునా వేస్తే వడ్డించేటప్పుడు పిల్లల విస్తట్లోంచి ఏరేయడం తేలిక. పప్పులు ఎర్రబడగానే తురుము వేసి ఒక్క నిమిషం తిప్పి, పొయ్యి ఆర్పేయండి. ఎక్కువసేపు మగ్గించారా, కొత్తకాయ వాసన ఎగిరిపోయి ఊరగాయ వాసనొస్తుంది. ఆ కొత్తకాయ వాసన కోసమేగా ఏడాదంతా చూశాం! చల్లారిన అన్నంలో పోపు వేసి చేత్తో, గోళ్లు తగలకుండా, కింద నుంచి పైకి ఎత్తుతూ కలపండి.

బొబ్బట్ల దగ్గరికొద్దాం. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి. మా వైపు బొబ్బట్లు, వరంగల్లులో బచ్చాలు, ఇంకొన్ని చోట్ల పోలెలు, సీమలో ఓళిగలు. పేరేదైనా, భయం మాత్రం ఒక్కటే, పూర్ణం జారిపోతుందని. నా మొదటి ఉగాది నాడు అదే జరిగింది. పప్పు మెత్తగా ఉడికితే మంచిదనుకుని కుక్కర్లో ఇంకో రెండు కూతలు ఎక్కువ వేయించాను. నీళ్లు సరిగా వార్చలేదు. బెల్లం వేశాక చూస్తే గిన్నెలో పాయసం. ఇంటినిండా ఆడబిడ్డలు, నాకు కళ్లనీళ్లు. మా అత్తగారు తొంగి చూసి, "ఏం గాదు తియ్ బిడ్డా, గిన్నెలల్ల పోసుకొని తాగుదాం" అన్నారు. తాగాం కూడా. కొబ్బరి కోరు, యాలకులు వేస్తే బాగానే ఉంది.

ఆ తర్వాత ఆవిడే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. పావు కిలో శనగపప్పు రెండు గంటలు నానాలి. ఉడికిన పప్పుని వేళ్ల మధ్య నలిపితే నలగాలి, గిన్నెలో చూస్తే మాత్రం బద్ద బద్దగానే కనబడాలి. కుక్కర్లో అయితే రెండు, మూడు కూతలు. పూర్తిగా ఉడికిందని నమ్మకం కుదిరాకే బెల్లం. ఎందుకంటే బెల్లం పడ్డాక పప్పు ఇంక మెత్తబడదు, పలుకు పలుకుగానే ఉండిపోయి, తర్వాత బొబ్బట్టుని చీల్చుకుని బయటకొస్తుంది. చిల్లుల గిన్నెలో వేసి పావుగంట వదిలేయండి. కింద దిగిన నీళ్లు పారబోయకండి, వాటి సంగతి చివర్లో. పప్పుని మిక్సీలో నీళ్లు తగలకుండా తిప్పి, పావు కిలో బెల్లం తురుముతో కలిపి అడుగు మందమున్న మూకుట్లో సన్నసెగ మీద పెట్టండి. మొదట జారవుతుంది, కంగారు పడొద్దు, అది బెల్లం కరిగి వదిలిన నీరు. కొత్త బెల్లానికి ఆ తేమ ఇంకా ఎక్కువ. తిప్పుతూ ఉంటే పది, పన్నెండు నిమిషాలకి మూకుడు అంచులు వదులుతుంది. మధ్యలో గరిటె నిలబెడితే పడకుండా నిలబడాలి. అప్పుడు దించేయండి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది గనక పొయ్యి మీదే రాయి చేయకండి. దించాక యాలకుల పొడి, చెంచా నెయ్యి.

అప్పటికీ జారైతే? రెండు చెంచాల పుట్నాల పొడి కలపండి. తేమ పీల్చేస్తుంది, రుచి చెడదు. ఆ చిట్కా నా పాయసం నాడే తెలిసుంటే ఎంత బాగుండేదో.

బెల్లం మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. అనకాపల్లి బెల్లం కావచ్చు, మీ ఊరి గానుగ బెల్లం కావచ్చు, మరీ తెల్లగా, పసుపుపచ్చగా మెరిసేదాని వెంట పడకండి. ఆ రంగు కోసం మందు కలుపుతారు. ముదురు రంగుది చూడ్డానికి బాగుండదు గానీ పూర్ణానికి వాసనా, రుచీ దానిదే. దిమ్మ కొట్టి తురమడం మా ఇంట్లో మగవాళ్ల పని. మా ఆయన సుత్తితో మొదలుపెట్టి, బెల్లం కన్నా బల్లని ఎక్కువ కొట్టి, ఇప్పుడిప్పుడే దారికొచ్చారు.

పూర్ణం ముందురోజు రాత్రే అయిపోవాలి. ఈ ప్రసంగం మొత్తంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే, అది ఇదే. సాయంత్రం ఆరింటికి పప్పు నానబోస్తే ఎనిమిదిన్నరకి ఉడుకుతుంది, తొమ్మిదిన్నరకి పూర్ణం చల్లారుతూ ఉంటుంది. పైపిండి కూడా రాత్రే కలిపేయండి. పావు కిలో మైదా, లేదా సగం మైదా, సగం గోధుమపిండి, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు. చపాతీ పిండి కన్నా బాగా జారుగా, వేళ్లకి అంటుకునేట్టు తడిపి, నాలుగు చెంచాల నూనె పోసి మూతపెట్టండి. ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున గంట ముందు బయటపెడితే వేలితో లాగితే తీగలా సాగుతుంది.

పొద్దున పది దాటాక పెనం పెట్టండి. నిమ్మకాయంత పూర్ణం ఉండ, అందులో సగం కన్నా కాస్త ఎక్కువ పిండి. లోపలిది ఎక్కువ, పైది తక్కువ ఉంటేనే బొబ్బట్టు, లేకపోతే తీపి చపాతీ. పిండిని అరటాకు మీద వెడల్పు చేసి, ఉండ పెట్టి, అంచులు మూసి, మూసిన వైపు కిందికి తిప్పి, నూనె వేళ్లతో మధ్యలోంచి బయటికి తట్టండి. ఆకుతో సహా పెనం మీద బోర్లించి ఆకు ఒలిచేయండి. ప్లాస్టిక్ కవరు మీద తట్టేవాళ్లున్నారు, పెనం దగ్గరికి అది వద్దు. మధ్యస్థంగా మంట, రెండు వైపులా నెయ్యి. ఈ లెక్కన పదహారు దాకా వస్తాయి. చిరిగితే చిరగనివ్వండి. మా చిన్నదానికి చిరిగినచోట పూర్ణం మాడి కరకరలాడేది కావాలి, వెతుక్కుని మరీ తీసుకుంటుంది.

తట్టడం ఒకరు, కాల్చడం ఒకరు చేస్తే ముప్పావుగంటలో అయిపోతాయి. మా ఇంట్లో తట్టేది మా అబ్బాయి. ఇంజనీరింగు చదువు కన్నా ఇది వాడికి బాగా వచ్చింది.

వడపప్పు క్షణాల్లో చెప్పేస్తాను. శ్రీరామనవమికి తినేది ఉగాదికి ఎలా అంటారేమో. మధ్యలో ఉన్నది ఎనిమిది రోజులు, రాముడు ఏమీ అనుకోడు. పొయ్యి అక్కర్లేని వంటకం, పదేళ్ల పిల్లలు సొంతంగా చేయగలిగేది ఇదొక్కటే. గ్లాసు పెసరపప్పు కడిగి గంట నానబెట్టి వడకట్టాలి. రెండు చెంచాల మామిడి తురుము, పిడికెడు కొబ్బరి కోరు, సన్నగా తరిగిన కీరదోసకాయ, కొత్తిమీర. ఉప్పు మాత్రం వడ్డించే ముందు, లేకపోతే నీరు కారుతుంది. పెద్దవాళ్లకి పచ్చిమిర్చి విడిగా.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఏటా ఈ వేళకి ఫోన్ చేస్తుంది. పండుగ నాడు సెలవుండదు గనక వాళ్లు ఆ వారం చివర శనివారమో ఆదివారమో చేసుకుంటారు, పదకొండింటికే నలుగురైదు కుటుంబాలు కలిసి. బయట చలి, వేపచెట్టు లేదు. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఎండు వేపపువ్వుని నేతిలో దోరగా వేయించి చిటికెడు చల్లుతుంది. పచ్చిపువ్వు సువాసన ఉండదు, చేదు మాత్రం ఇంకా గట్టిది. అక్కడ పుట్టిన పిల్లలు మొహం ముడిచి, వెంటనే బొబ్బట్టు కొరుకుతారట. ఇక్కడి పిల్లలూ అంతే.

ఇక దాచమన్న నీళ్లు. శనగపప్పు ఉడికిన కట్టు రెండు గ్లాసులైనా ఉంటుంది, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొద్దున అందులో కాస్త చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, చెంచా చారుపొడి వేసి మరిగించండి. ఒక చెంచాడు పూర్ణం మిగిల్చి అందులో కరిగించండి, ఇదే దీని కిటుకు. నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. తీపీ పులుపూ కారమూ కలిసి, తీపి తిని మొహం మొత్తిన నోటికి మళ్లీ ఆకలి పుట్టిస్తుంది. దీన్ని కట్టు చారు అంటాం. పక్కన పెట్టిన అన్నం దీనికే.

పొద్దుటి వేళలు ఒకసారి చెబుతాను, రాసుకోండి. ఏడింటికి అన్నం. ఎనిమిదింటికి పచ్చడి, పెసరపప్పు నానబోయడం. రేడియోలో పంచాంగ శ్రవణం వస్తుంటే ఆదాయ వ్యయాలు వింటూ తొమ్మిదింటికి పులిహోర కలపడం. చారు పది నిమిషాలు. పదింబావుకి పెనం. కవిసమ్మేళనం వస్తూ ఉంటే బొబ్బట్లు కాలుతూ ఉంటాయి, మంచి పద్యం వచ్చినప్పుడు మాత్రం ఒకటి మాడుతుంది. పదకొండింటికి విస్తళ్లు. ఆఖరి నాలుగు ఉండలు కాల్చకుండా వదిలేసి మీరూ వచ్చి కూర్చోండి. సాయంత్రం చుట్టాలొస్తే అప్పుడు వేడివేడిగా కాల్చిపెట్టొచ్చు, రాకపోతే రాత్రి పాలల్లో నంచుకోవడానికి మనకే.